ముక్కు వైపు మూడు వెంట్రుకలు

కిదానె అంబ ఊళ్ళో యిహునె కొమ్ము ఊదాడంటే ఎవరో పోయారన్నమాటే. ఎవరింట్లో చావొచ్చినా డేరా వేసి, పాడె మోసి, ఏడ్చేవాళ్ళకి మూడు రోజులు వండిపెట్టే ఇద్దిర్ సంఘానికి ముప్పై ఏళ్ళుగా అతనే చాటింపు మనిషి. తెల్లవారకముందే లేచి, గట్టెక్కి కొమ్ము ఊది, పోయినవాళ్ళ పేరు చెప్పి, పక్క గట్టుకి నడిచేవాడు. అందుకని ఆ మంగళవారం పొద్దున కొమ్ము మోగగానే ఆడవాళ్ళు శాలువాలు నడుముకి బిగించి, గుండెలు బాదుకుంటూ బయటికి పరిగెత్తారు.

"ఎవరూ చావలేదే!" అని యిహునె గట్టు మీంచి అరిచాడు. "ఆపండర్రా ఏడుపు! కళ్ళు! కళ్ళకి ఆపరేషన్లు! గురువారం నుంచి మన ఆసుపత్రిలోనే! డబ్బుల్లేకుండా!"

"కళ్ళకి కొమ్మేంటయ్యా, నీ నోట్లో మట్టి కొట్ట! మా అత్త పోయిందనుకున్నా" అని ఒకావిడ తిట్టింది.

"పోలేదని బాధా?" అన్నాడు యిహునె.

ఏడవడానికొచ్చినవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడ అత్త కూడా నవ్వింది. కింద దారిలో నిలబడి ఇదంతా వింటున్న యెషికి ఆ పూట కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎనిమిది నెలలుగా ఆమె పడ్డ పాటుకి అదే మొదటి ఫలితం.

యెషి ఆ ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు. కంటి పనిలో శిక్షణ పొంది వచ్చింది. ఆ కొండ ఊళ్ళలో చిన్నప్పట్నుంచీ కళ్ళకలక వచ్చి వచ్చి, రెప్ప లోపల మచ్చ కట్టి, చివరికి రెప్ప లోపలికి ముడుచుకుపోతుంది. అప్పుడు మన వెంట్రుకలే మన కనుగుడ్డుని గీకుతాయి. కన్ను ఆర్పిన ప్రతిసారీ గీకుతాయి. కొన్నేళ్ళకి నల్లగుడ్డు తెల్లబడుతుంది, ఇక దాన్ని బాగుచేసేవాళ్ళు లేరు. అందుకే అక్కడి ఆడవాళ్ళు మెడలో తాడుకి వెంట్రుకలు పీకే చిన్న చిమటా కట్టుకుని తిరుగుతారు. కాఫీ తాగడానికి కూర్చున్నప్పుడు ఒకళ్ళ వెంట్రుకలు ఒకళ్ళు పీక్కుంటారు. రెప్పని కోసి బయటికి తిప్పి కుడితే ఆ బాధ పోతుంది. ఇరవై నిమిషాల పని. యెషి అది నేర్చుకుని వచ్చి, తెల్ల కోటు ఉతుక్కుని, కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎనిమిది నెలల్లో ఆరుగురొచ్చారు.

"కుర్చీలో కూచుంటే కళ్ళు నడిచొస్తాయటే?" అని పట్నంలో సిస్టర్ తిర్ఫె ఆమెని చెడామడా దులిపేసింది. ఇరవై ఏళ్ళుగా రెప్పలు కుడుతున్న మనిషి ఆవిడ. "నీ సర్టిఫికెట్ చూసి ఎవడూ రెప్ప కోయించుకోడు. వాళ్ళెవరి మాట వింటారో కనుక్కో. పెళ్ళిళ్ళకి పో, చావులకి పో. కూర్చున్న చోట కాఫీ తాగు. వాళ్ళు పిలిస్తేనే నువ్వు డాక్టరువి."

యెషి ఆదివారం చర్చి అయ్యాక ఇద్దిర్ సమావేశానికి వెళ్ళింది. చెట్టు కింద కూర్చుని బార్లీ సారా తాగుతున్న పెద్దమనుషులు ఆమె చెప్పిందంతా మర్యాదగా విని, మర్యాదగా ఆకాశం చూశారు. యిహునె ఒక్కడే నోరు విప్పాడు. అతని కుడి కన్ను అప్పటికే పాలమీగడలా తెల్లబడిపోయింది. ఎడమ కంటి నుంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి.

"నా కొమ్ము కావాలంటే ముందు నా కన్ను చెయ్యి" అన్నాడు.

"ఉన్నది ఒక్కటే కన్ను బాబాయ్. సిస్టర్ తిర్ఫె దగ్గరికి పంపిస్తాను."

"ఆవిడ చేస్తే ఆవిడ గొప్ప. నువ్వు చేస్తే కదా ఊరు నిన్ను నమ్మేది. రెండున్నవాడు ఒకటిస్తే ఎవడికి లెక్క?"

అది యెషి చేసిన ఏడో ఆపరేషన్. ముక్కు వైపు మూలకొచ్చేసరికి ఆమె కోతని కొంచెం ముందే ఆపింది. ఆ మూల లోతుకి వెళ్ళాలంటే కొత్తవాళ్ళకి భయం. కట్టు విప్పిన రోజు యిహునె గాలికెదురుగా నిలబడి, కంట్లో నీళ్ళు రావట్లేదని ఊళ్ళోవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ పిలిచి చూపించాడు. వారం తిరక్కుండా, ఆ మంగళవారం గట్టెక్కి కొమ్ము ఊదాడు. ఆ విడతలో నలభై ఒక్క మంది వచ్చారు.

అక్కణ్ణుంచి యెషి పేరు కొండ దిగింది. సిస్టర్ తిర్ఫె ఆమెని తన శనివారాల్లోకి చేర్చుకుంది. ప్రతి నెలా మొదటి శనివారం ఆవిడ ఇంట్లో చుట్టుపక్కల తాలూకాల కంటి పనివాళ్ళు ఐదారుగురు చేరేవారు. కాఫీ గింజలు వేయించి, దంచి, మూడు విడతలు కాచి పోసేది. మొదటి కప్పుకి కబుర్లు. రెండో కప్పుకి, ఎవరి చేతిలో ఏ కన్ను చెడిందో వాళ్ళు చెప్పాలి. మూడో కప్పు అయ్యేలోపు దానికేం చెయ్యాలో అందరూ కలిసి తేల్చాలి. తిరగబడ్డ రెప్పని మళ్ళీ కోయడం కష్టం కాబట్టి ఆ పని సిస్టరే చేసేది, చేసినవాళ్ళు పక్కన నిలబడి చూసేవాళ్ళు. ఎవరి పేరు మీద ఎన్ని చెడ్డాయో పుస్తకంలో రాసేది.

యెషికి ఆ శనివారాలంటే ప్రాణం. మందుల సరఫరా చూసే ఆయనతో, జిల్లా ఆఫీసులో కారు ఇప్పించే ఆయనతో అక్కడే పరిచయమైంది. బహిర్ దార్ నుంచి వచ్చిపోయే నెబియు డాక్టరు కూడా అక్కడే తెలిశాడు. ఆయన కంటి పనివాళ్ళ సంఘానికి కార్యదర్శి. కొమ్ము కథ విని పడీపడీ నవ్వాడు.

"ఇది మహాసభలో చెప్పాల్సిన సంగతమ్మా" అన్నాడు. "ఏటా ఒక తాలూకా మనిషిని వేదిక ఎక్కిస్తాం. ఆ మనిషికే శుక్లాల ఆపరేషన్ శిక్షణలో సీటు దక్కడం మామూలు. ఆరు నెలలయ్యాక నేనే వచ్చి నీ రోగుల్ని చూస్తాను. రెప్పలు తిరగబడకుండా ఉంటే నువ్వే."

శుక్లాల ఆపరేషన్ అంటే మాటలు కాదు. గుడ్డిగా వచ్చినవాడు చూస్తూ వెళ్తాడు. ఆ పని నర్సులకి నేర్పే చోటు ఒక్కటే, సీట్లు నాలుగే. యెషి రాత్రుళ్ళు పడుకుని వేదిక మీద ఏం మాట్లాడాలో గోడకి చెప్పుకునేది.

నాలుగో నెలలో యిహునె వచ్చాడు.

"ఏదో గుచ్చుతోంది తల్లీ. మూల్లో."

యెషి భూతద్దం పెట్టి చూసింది. ముక్కు వైపు మూలలో మూడు వెంట్రుకలు మళ్ళీ లోపలికి తిరిగి నల్లగుడ్డుని ముట్టుకుంటున్నాయి. ఆమె భూతద్దం జేబులో పెట్టేసుకుంది.

"చిన్నదే బాబాయ్. చూద్దాం" అంది.

మర్నాడు శనివారం. రెండో కప్పు పోశాక సిస్టర్ తిర్ఫె ముందుగా తన సంగతే చెప్పింది. దర్జీ భార్యకి చేసిన కంట్లో ముక్కు వైపు వెంట్రుకలు తిరిగొచ్చాయట.

"కోత చివరిదాకా పోనివ్వలేదు, బుద్ధి గడ్డి తిని. తొందర. మళ్ళీ తెరిచి, ఇంకాస్త కోసి, ఒక కుట్టు ఎక్కువేశాను. పావుగంట. ఇప్పుడు బాగుంది. ఇరవై ఏళ్ళ చేతికీ ఇలా జరుగుతుంది, రాసుకోండి" అని పుస్తకంలో తన పేరు పక్కన గీత గీసి, "నీకో, యెషి?" అంది.

చెప్పాల్సిందల్లా ఆవిడే చెప్పేసింది. జబ్బు చెప్పింది, మందు చెప్పింది, ఎంతసేపు పడుతుందో కూడా చెప్పింది. "నాకూ ఒకటుంది సిస్టర్" అంటే సరిపోయేది. వచ్చే వారమే యిహునె కన్ను బాగయ్యేది. కానీ ఎదురుగా మందుల ఆయన కూర్చున్నాడు, కారు ఆయన కూర్చున్నాడు. ఆ పుస్తకం తిరగేయకుండా నెబియు డాక్టరు ఊరికి వెళ్ళడు.

"నాకేం లేవు సిస్టర్."

"నీకెప్పుడూ ఏం ఉండవు" అంది సిస్టర్ తిర్ఫె. "అదృష్టవంతురాలివో, సరిగ్గా చూడవో." అందరూ నవ్వారు. యెషి కూడా నవ్వింది. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకి ఒళ్ళు మంటెక్కుతుంది.

ఆరో నెల నిండగానే, నెబియు డాక్టరు వచ్చేది గురువారమని కబురందింది. యెషి రిజిస్టరు తీసి, అనుమానమున్నవాళ్ళ పేర్లు ఏరింది. యిహునెతో కలిపి ఐదుగురు. బుధవారం ఉపవాసం. మధ్యాహ్నం చర్చిలో పూజయ్యాక, అందరూ ఉపవాసం విడిచే వేళకి బయల్దేరి ఇంటింటికీ వెళ్ళింది. వెళ్ళిన ప్రతి ఇంట్లో కాఫీ పెట్టారు, వేయించిన బార్లీ గింజలు పెట్టారు. "ఎంత మంచి పిల్లవే, ఇంటికొచ్చి చూస్తున్నావు" అన్నారు. ఆమె వాళ్ళ తల ఒళ్ళో పెట్టుకుని, సన్న చిమటాతో గుచ్చుకుంటున్న వెంట్రుకల్ని ఒక్కటీ మిగలకుండా పీకేసింది. పీకిన వెంట్రుక మళ్ళీ మొలవడానికి మూడు నాలుగు వారాలు. డాక్టరు వచ్చిపోవడానికి ఒక్క పూట. ఈ లెక్క కంటి పనివాళ్ళకి తప్ప ఎవరికీ తట్టదు.

యిహునె ఇంటికి అందరికన్నా చివర వెళ్ళింది. అతని భార్య పోయి మూడేళ్ళయింది. పొయ్యి ముందు ఒక్కడే కూర్చుని శనగపిండి పులుసు కలుపుకుంటున్నాడు. చిమటా చూడగానే అతనికి అర్థమైపోయింది.

"ఏంటి, రేపు పెళ్ళిచూపులా నాకు? సింగారిస్తున్నావు."

"పట్నం నుంచి డాక్టరొస్తాడు బాబాయ్. అందరివీ చూస్తాడు."

"వెంట్రుకలుంటే?"

యెషి అతని తల ఒళ్ళో పెట్టుకుంది. మూడూ పీకింది. తర్వాత అతని చేతులు పట్టుకుంది. "సభ ఒక్కటి కానీ బాబాయ్. కాగానే నేనే నిన్ను సిస్టర్ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చేయిస్తాను. అప్పటిదాకా ఎవరడిగినా గుచ్చుతోందని అనకు."

"నా నోరు చావులకి తప్ప తెరుచుకోదులే" అన్నాడు యిహునె. "పో, పొద్దుపోతోంది."

గురువారం నెబియు డాక్టరు యిహునెతో కలిపి ఆ విడతలో చేసిన నలభై రెండు రెప్పలూ భూతద్దం పెట్టి చూశాడు. ఎక్కడా ఒక్క వెంట్రుక లేదు. యిహునె వంతు వచ్చినప్పుడు అతను గొంతెత్తి, ఇలాంటి చేతులు గొందర్ పెద్దాసుపత్రిలో కూడా లేవని, ఈ పిల్లని పెద్ద చదువులకి పంపకపోతే ఊరు ఊరుకోదని డాక్టర్ని దబాయించాడు. డాక్టరు యిహునె పేరు పక్కన "బాగుంది, ఇక చూడక్కర్లేదు" అని రాసి సంతకం పెట్టాడు. యెషి ఆ సంతకం చూసి ఊపిరి పీల్చుకుంది.

మహాసభ బహిర్ దార్‌లో, సరస్సు పక్కన హోటల్లో జరిగింది. యెషి కొమ్ము కథ చెప్పింది. ఏడవడానికొచ్చి నవ్వినవాళ్ళ కథ చెప్పింది. "సమాజాన్ని మన దగ్గరికి పిలవడం కాదు, మనం వాళ్ళలో ఒకళ్ళం కావాలి" అంది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. భోజనాల దగ్గర ఎవరెవరో వచ్చి ఫోన్ నంబర్లు ఇచ్చారు. సిస్టర్ తిర్ఫె ఆమెని గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఆ కౌగిట్లో ఉన్నప్పుడు చెప్పేద్దామని యెషికి గొంతుదాకా వచ్చింది. ఇంతలో నెబియు డాక్టరు సీటు సంగతి మోసుకొచ్చాడు. పదిరోజుల్లో చేరాలట.

ఆ పది రోజుల్లో ఆమె ఊరికి వెళ్ళింది, సామాను సర్దుకుంది. వీడ్కోలుకి గొర్రెని కోశారు. యిహునెని సిస్టర్ దగ్గరికి తీసుకెళ్ళడానికి ఒక రోజు కావాలి, ఆ రోజు దొరకలేదు. నిజానికి దొరికింది. కానీ తీసుకెళ్తే సిస్టర్ అడుగుతుంది, ఇది ఎప్పుడు మొదలైందని. చేరాక ఫోన్ చేసి చెప్పొచ్చనుకుంది. చేరాక, మొదటి పరీక్ష కానీ అనుకుంది. తన స్థానంలో వచ్చిన దెస్సాలె అనే కుర్ర నర్సు మంచివాడని విన్నాక, అతనే చూసుకుంటాడని మనసుకి సర్దిచెప్పుకుంది. ఒకసారి సెలవులో ఫోన్ తీసి సిస్టర్ నంబరు నొక్కింది కూడా. ఆవిడ "ఏమే, నా బంగారం" అనగానే, ఆరోగ్యం ఎలా ఉందని అడిగి పెట్టేసింది.

పద్నాలుగు నెలలకి యెషి కిదానె అంబ వచ్చింది. ఈసారి శుక్లాలు తీయడానికి, మూడు రోజుల శిబిరానికి. జిల్లా కారులో, తన పెట్టె, తన సూక్ష్మదర్శినితో వచ్చింది. ఆరోగ్య కేంద్రం గోడ నీడలో అరవై మంది వరసగా కూర్చున్నారు. ఆమె దిగగానే ఆడవాళ్ళు సంబరంగా నాలుక ఆడిస్తూ కేకలు పెట్టారు.

వరసలో మొదట యిహునె ఉన్నాడు. పక్కింటావిడ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, కుర్చీ చేతికందించి వెళ్ళింది.

"చూశావా తల్లీ, ఈ వయసులో ఆడవాళ్ళు చెయ్యి పట్టుకుని తిప్పుతున్నారు" అన్నాడు. మొహం ఆమె ఉన్న వైపు కాకుండా కిటికీ వైపు పెట్టి అన్నాడు.

యెషి అతని ముందుకొచ్చి నిలబడింది. "ఎప్పట్నుంచి బాబాయ్?" అంది.

"వానాకాలం నుంచి. ముందు ఎర్రబడి పోటు పెట్టింది, తర్వాత తెల్లబడింది. దెస్సాలె బహిర్ దార్ పొమ్మని ఒకటే గొడవ. నేనెందుకు పోతాను? తెల్లపొర తీయడం నువ్వే నేర్చుకుంటున్నావని ఊరందరికీ తెలుసు. మనమ్మాయి వచ్చేదాకా ఆగుదామనుకున్నాను. కొమ్ము ఇప్పుడు కస్సా కొడుకు ఊదుతున్నాడు, మేక అరిచినట్టుంటుంది. త్వరగా చెయ్యి, మళ్ళీ నేనే ఊదాలి."

ఆమె దీపం వెలిగించి చూసింది. పొర కంటి లోపల లేదు. నల్లగుడ్డే తెల్లబడిపోయింది, కుడి కన్నులాగే. ముక్కు వైపు మూడు కాదు, ఇప్పుడు పది పన్నెండు వెంట్రుకలు దాని మీద పడుకుని ఉన్నాయి. ఆమె ఏడాది నేర్చుకున్న విద్య ఆ కంటికి దేనికీ పనికిరాదు.

"ఇది శుక్లం కాదు బాబాయ్" అంది. "ఇది తీసేది కాదు."

"నీకు రాకపోతే పెద్ద డాక్టరు?"

"ఎవరికీ రాదు."

యిహునె చేతులు మోకాళ్ళ మీద ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. "దీపం పెడితే ఎర్రగా తెలిసిందే" అన్నాడు.

"అంతే తెలుస్తుంది."

"ఎప్పటికీనా?"

యెషి అతని ముందు నేల మీద కూలబడింది. "ఆ రోజే సిస్టర్‌కి చెప్పుంటే పావుగంటలో బాగయ్యేది బాబాయ్. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. సీటు కోసం నీ వెంట్రుకలు పీకి, నీ పేరు పక్కన బాగుందని రాయించాను. అందుకే దెస్సాలె మళ్ళీ చూడాల్సినవాళ్ళ లిస్టులో నువ్వు లేవు. నీ కన్ను నేనే తీసేశాను."

"గట్టిగా అనకు, బయట వింటారు" అన్నాడు యిహునె. తర్వాత గొంతు తగ్గించి, "దెస్సాలె వచ్చిన కొత్తలోనే అడిగాడు, ఏమన్నా గుచ్చుతోందా అని. లేదన్నాను. నీకు మాటిచ్చాగా. అందుకని నాది కూడా తప్పే" అన్నాడు.

"నీది ఏం లేదు బాబాయ్."

"అయితే నీదే" అన్నాడు.

అతని గొంతులో అంతకుముందెప్పుడూ ఆమె ఆ కరుకుదనం వినలేదు. చేతులు చాచింది, కానీ అతని మోకాళ్ళని ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"ఆ బుధవారం నువ్వు వెంట్రుకలు పీకిన తక్కిన నలుగురూ?" అన్నాడు.

"ఇవాళే వెళ్ళి చూస్తాను. సిస్టర్‌ని రప్పిస్తాను. అందరికీ చెప్తాను, ఊళ్ళో, శనివారం, అందరికీ."

"ఆ నలుగుర్నీ చూడు" అన్నాడు యిహునె. "బయట ఎంతమందున్నారు?"

"అరవై."

"మనూరివాళ్ళెంతమంది?"

"సగం."

"నా మీద నమ్మకంతో వచ్చారు వాళ్ళు. నిన్ను చూసి కాదు." కుర్చీ పట్టుకుని లేచాడు. యెషి లేచి చెయ్యి అందించబోయింది. అతను వదిలించుకుని గోడ తడుముకుంటూ తలుపు దాకా నడిచాడు. గడప మీద నిలబడి, ఎండ తగిలిన వైపు మొహం తిప్పి, గట్టు మీంచి పిలిచేంత గొంతుతో అన్నాడు.

"నాది వేరే జబ్బట! దేవుడిచ్చింది, మందులేదట. ఈ పిల్ల తప్పేం లేదు. మీవి శుక్లాలు, చిటికెలో పోతాయి. భయపడకుండా లోపలికి పొండి!"

పక్కింటావిడ వచ్చి అతని చెయ్యి అందుకుంది. అరవై మొహాలు యెషి వైపు తిరిగాయి. అందులో చాలావాటికి కళ్ళు కనపడవు, మాట కోసం చూస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి, యిహునె ఇంకా వాకిట్లోనే ఉన్నాడు, వింటాడు. ఆమె నోరు తెరిచింది. చేతిలో కాగితం చూసి, రెండో పేరు పిలిచింది.